బిందె కింద పాట

వాన పడకూడదు. పడేటట్టుంటే ఇప్పుడే పడి ఆగిపోవాలి, లేదంటే ప్రోగ్రాం అయిపోయి వాడు ఇల్లు చేరి తల తుడుచుకున్నాక పడాలి, అంతేగానీ నడుమ పడకూడదు, అనుకుంది వెంకటలక్ష్మమ్మ, మూడో వరుసలో చివరి ప్లాస్టిక్ కుర్చీలో సగం మాత్రమే కూర్చుని. మిగతా సగం లేవడానికి సిద్ధంగా ఉంది. పెళ్లికి పోయినా, బస్సెక్కినా, ఆసుపత్రి బల్ల మీదైనా ఆమె చివరే కూర్చుంటుంది. ఏదైనా అయితే లేచి పరిగెత్తడానికి దారి ఉండాలి. ఏమవుతుందో తెలియదు, కానీ ఏదో ఒకటి అవుతుంది, ఇంతవరకూ కాలేదంటే ఇక కావలసి ఉందనే అర్థం. హంద్రీ ఏటి వైపు ఆకాశం తడిసిన నల్లరేగడిలా ముద్దకట్టింది. పొద్దు ఇంకా పూర్తిగా కుంగలేదు, మండపంలో వినాయకుడి తొండం మీద ఒక ఎర్రటి ఎండ ముక్క మిగిలింది. కల్లూరులో ఆమె ఉండే ఈ వీధివాళ్లు ఇంత పెద్ద విగ్రహం పెట్టడం ఇదే మొదలు, స్టేజీ కట్టి ఆర్కెస్ట్రా పెట్టించడమూ ఇదే మొదలు, అందుకే వీధి స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు దించారు. ఆ తీగ వేపకొమ్మ మీదుగా పాకి వచ్చి స్టేజీ వెనక చెక్కకు కొట్టిన బోర్డులో దూరింది, అక్కడినుంచి నల్లవీ ఎర్రవీ పసుపువీ ఎన్ని తీగలో, పాములవాడు బుట్ట బోర్లించినట్టు. ఆమె కళ్లు ఒక్కోదాన్నీ పట్టుకుని తోక నుంచి తలదాకా పోతున్నాయి, ఎక్కడ అతుకుంది, ఏ అతుక్కి టేపు చుట్టలేదు. చేతిసంచిలో టెస్టరు ఉంది. అందరి సంచుల్లో దువ్వెనా పౌడరూ ఉంటాయి, ఆమె సంచిలో టెస్టరు. వచ్చీ రాగానే స్టేజీ ఇనప గొట్టాలకు నాలుగు మూలలా పెట్టి చూసింది, వెలగలేదు. నమ్మకం చాలక లైట్లవాడిని పిలిచి వాడిచేత కూడా పెట్టించింది. కీబోర్డు వాయించే కిరణ్‌కుమార్ పైనుంచి నవ్వాడు. "లైన్‌మన్ అత్త వచ్చినాదిరా, ఇంగ కరెంటు మనల్ని ముట్టుకోదు." నవ్వనీ. ఏమీ కానంతసేపూ ఎవరైనా నవ్వుతారు.

స్టేజీ మీద ఆమె కొడుకు మహానంది వంగి గిటారు తీగలు సవరించుకుంటున్నాడు. వాడి వీపు కనపడుతోంది, వీపు మీద పట్టీ, పట్టీకి ఆమె కుట్టిన ఎర్రగుడ్డ సంచి, ఆ సంచిలో కార్డ్‌లెస్ డబ్బా. కుట్టు గట్టిగానే ఉంది. మధ్యాహ్నం కూర్చుని రెండు పోగుల దారంతో కుట్టింది, ఎగిరినా దూకినా ఊడదు. పక్క కుర్చీలో విశ్వాసమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటోంది. ఇంటి పక్క ఇల్లు, వదినా అంటే వదినా అనుకుంటారు, దేవుళ్లు వేరైనా నీళ్ల కొళాయి ఒకటే. "వదినా, కుర్చీ మొత్తం నీకే ఇచ్చినారు గదా, సగమే కూచుంటావేల?" "వాన వచ్చేటట్టుండాది." "వచ్చేదైతే వస్తాది. నువ్వు సగం కూచుంటే సగం వాన పడతాదా?" దీనికి ఏ భయమూ లేదు, ఎట్లా బతుకుతుందో ఏమో, పొయ్యి మీద పాలు పెట్టి చర్చికి పోయి వస్తుంది. వీడికి గిటారు పట్టించింది కూడా ఆ చర్చే. చిన్నప్పుడు ఆదివారం వస్తే చాలు, సద్దు వినపడగానే పోయి గుమ్మంలో కూర్చునేవాడు, పాస్టరుగారి తమ్ముడు వాడి వేళ్లు చూసి, ఈ వేళ్లు ఊరికే పోగూడదు అని లోపలికి పిలుచుకున్నాడు. అప్పుడు ఆమెకు పట్టుకున్న భయం ఇంకొకటి. మహానందికి పోయి కోనేట్లో మునిగి మొక్కుకుంటే పుట్టిన పిల్లవాడు, ఆ స్వామి పేరే పెట్టుకున్న పిల్లవాడు, ఏ రోజు మెడలో శిలువ వేసుకుని వస్తాడోనని ప్రతి ఆదివారం చర్చి బయట చెప్పుల దగ్గర నిలబడేది. నిలబడీ నిలబడీ ఆ పాటలు ఆమెకూ నోటికి వచ్చాయి. చివరికి, ఏ తండ్రివైనా సరే నాయనా, ఆ బిడ్డను జాగర్తగా ఇంటికి పంపించు, అని ఆయనకూ ఒక దండం పెట్టడం అలవాటైంది. భయపడేవాళ్లకు దేవుళ్లు ఎంతమంది ఉన్నా చాలరు.

తీగలంటే భయం గిడ్డయ్యతో మొదలైంది. గిడ్డయ్య ఆమె తమ్ముడు, నవ్వితే పళ్లన్నీ కనపడేవి, చేనికి పోతే ట్రాన్సిస్టరు లేకుండా పోయేవాడు కాదు. ఒక పొద్దున శెనగచేనికి నీళ్లు కట్టడానికి పోయి తడి చేత్తో స్టార్టరు డబ్బా తెరిచాడు. సద్ది తీసుకుపోయింది ఆమే. మోటరు గది ముందర పడుకుని ఉన్నాడనే అనుకుంది, ఎందుకంటే కొయ్యకు తగిలించిన ట్రాన్సిస్టరు పాడుతూనే ఉంది, పాట వస్తూ ఉంటే మనిషి లేడని ఎవరైనా ఎట్లా అనుకుంటారు? ఒరే గిడ్డా, లేయ్, ఎండ పడింది, అని సద్దిగిన్నె దించి, మూత తీసి, ఉల్లిపాయ చిదిపి పెట్టి, అప్పుడు పిలిచింది రెండోసారి. ఆ పాట ఏదో ఇప్పటికీ ఆమెకు గుర్తే, ఎక్కడ వినపడినా లేచి వెళ్లిపోతుంది. అప్పటినుంచి ఇంట్లో స్విచ్చు వేయాలంటే చెప్పులు వేసుకోవాలి, చేయి తుడుచుకోవాలి, చెక్క గరిటె వెనక భాగంతో నొక్కాలి. మొగుడు పుల్లన్న విసుక్కునేవాడు, "ఏమే, ఫ్యాను వేసేదానికి కూడా ముహూర్తం పెట్టాల్నా?" అట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు పోయి పోయి కరెంటు గిటారు పట్టుకున్నాడు.

పోయిన ఏడు మైదుకూరు దగ్గర పెళ్లిలో, అప్పుడే వాన వెలిసి నేలంతా చిత్తడిగా ఉన్నప్పుడు, గిటారు పట్టుకుని పాడటానికి మైకు దగ్గరికి మూతి పెట్టాడు. వెనక్కి విసిరికొట్టినట్టు ఎగిరాడు. జనం అదేదో డాన్సు అనుకుని చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని లేచి నిలబడింది. వాడి పెదవి మీద చిన్న తెల్లటి మచ్చ, అంతే. కానీ వాడి కాళ్ల దగ్గరినుంచి స్టేజీ వెనకదాకా పడి ఉన్న ఆ నల్లటి తీగను చూసి ఆమెకు శెనగచేను కనపడింది. ఆ వారమంతా ఒకటే పోరు. "తీగ లేని గిటారు లేదా రా ఈ లోకంలో?" తెలివితక్కువ మాట అనుకునే అంది. కానీ వాడు తల ఎత్తి, "ఉండాది మా. కార్డ్‌లెస్ అంటారు," అన్నాడు. ఆమే పట్టుబట్టింది, ఆమే మొగుడితో పోట్లాడింది, ఆమె బలవంతం మీదే బెంగుళూరులో ఎవరో వాయించేవాడు వాడుకుని వదిలేసిన పాతది తెప్పించుకున్నాడు. సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి గిటారుకు, రెండు కొమ్ముల పెట్టె ఒకటి బాక్సుల దగ్గర. "తీగ లేకపోతే కరెంటు నీదాకా ఎట్లా వస్తాది?" "నాదాకా రాదు మా. బ్యాటరీ అంతే, టార్చిలైటు మాదిరి. నా సద్దు గాలిలో పోయి ఆ పెట్టెలో పడతాది." "గాలిలో పోతాదా! నడుమ మనుషులుంటే?" "వాళ్లకేం గాదు." "తగిలితే?" "తగిలితే పాడతారులే, పోమ్మా!" అయినా కొన్నాళ్లు వాడికీ ఆ పెట్టెకూ నడుమ పోవాల్సి వస్తే ఆమె అన్నం పళ్లెం పట్టుకుని తల వంచి, ఎగిరే పిట్టకు దారి ఇచ్చినట్టు, కిందుగా పోయేది.

ఆ తర్వాత వచ్చిన రోజులు ఆమె బతుకులో చల్లటి రోజులు. కొమ్ముల పెట్టె, చిన్న బాక్సు వంటింటి గూట్లో పెట్టి వాడు మిద్దె ఎక్కేవాడు, అక్కడ తిరుగుతూ వాయిస్తుంటే సద్దు ఇక్కడ, పోపు డబ్బా పక్కన. ఎంత వింత, మనిషి ఒకచోట, వాడి సద్దు ఇంకోచోట. పిట్టగోడ ఎక్కాడేమో, జారాడేమో అని పైకి చూడాల్సిన పని లేదు, సద్దు వస్తూ ఉంటే వాడు ఉన్నట్టే. పాట ఆగితే మాత్రం గరిటె పారేసి మెట్లెక్కేది. ఒకసారి ఎంతదూరం పోతుందో చూస్తానని వాయించుకుంటూ వీధిలోకి పోయాడు, విశ్వాసమ్మ ఇల్లు దాటి, పుల్లల అడితి దాటి, మలుపు దగ్గర సోడా అంగడిదాకా. అక్కడ కొంచెం గరగరలాడి తెగింది. వెనక్కి ఒక అడుగు వేస్తే మళ్లీ వచ్చింది. వంటింట్లో నిలబడి ఆమెకు వీధి అంతా చెవిలో కనపడింది. ఇప్పుడు అంగడి దగ్గరున్నాడు, ఇప్పుడు తిరిగినాడు, ఇప్పుడు వస్తాండాడు.

ముందు వరుసలో తెల్లచొక్కా ఆయనే వాసుదేవ్. కడపలో బట్టల అంగడి, అది కాక పెద్ద ఆర్కెస్ట్రా నడుపుతాడు, రెండు జిల్లాల్లో ఆయన వ్యాన్ తెలియని ఊరు లేదు. జనంలోకి దిగి వాయించే గిటారువాడు కావాలట ఆయనకు, స్టేజీ మీద కొయ్యలాగా నిలబడేవాళ్లు వద్దట. ఈ రోజు పిల్లవాడిని చూసుకోవడానికే వచ్చాడు. నచ్చితే రేపటినుంచి ఆ వ్యాన్‌లో వీడు ఉంటాడు. నచ్చకపోతే సోమవారం మంగంపేట. పుల్లన్న మాట అది, తిరుగు లేదు. "ముగ్గురాయి గనిలో లారీలు తూకం వేసే కాడ మా బావ మాట ఇచ్చినాడు. ఈ చవితికి వీడి సంగతి తేలిపోవాల. తేలకపోతే ఆ గిటారు గోడకు తగిలించి పోవాల్సిందే." వాడు, సరే నాయనా, అన్నాడు. ఆ సరే అన్నప్పుడు వాడి వేళ్లు తొడ మీద ఊరికే కదులుతున్నాయి, ఆమె చూసింది.

ఏది మంచిదో ఆమెకు తెలియదు. వ్యాన్ అంటే గువ్వలచెరువు ఘాటు, వర్షం, నిద్రమత్తు డ్రైవరు, లోయ. గని అంటే బండలు పగలగొట్టే మందుగుండు, తెల్లటి దుమ్ము, దగ్గు. రెండు పక్కలా చావే కనపడుతుంటే తల్లి ఏ పక్కకని మొక్కుకోవాలి? అందుకే ఏ పక్కకూ మొక్కుకోకుండా రాగిరేకు తెచ్చింది. ఎర్రమట్టి కొండ మీద ఆంజనేయస్వామి గుళ్లో పూజారి బీజాక్షరాలు గీసి ఇస్తాడు, ఆటోలకూ ట్రాక్టర్లకూ బోరు మోటర్లకూ కట్టుకుంటారు, ఏ వస్తువుతో తిండి తింటావో దానికి కట్టాలి. పొద్దున వాడి డబ్బాకు కొక్కెం విరిగిపోతే రబ్బరు బ్యాండు వేసి తిప్పలు పడుతుంటే, ఇటియ్యి, నేను సంచి కుడతా, అంది. కుట్టేటప్పుడు గుడ్డకు గుడ్డకు నడుమ రాగిరేకు పెట్టి, డబ్బా చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చేటట్టు వంచింది, ఒక్క పక్క కూడా కాపు లేకుండా ఉండకూడదు కదా. డబ్బాకు కింద సన్నటి నల్లటి తోక ఒకటి వేలాడుతుంది. ఎప్పుడో అడిగింది, ఇదేందిరా ఈ తీగముక్క అని, అదట్లే ఉంటాదిలే మా, అన్నాడు. అట్లే ఎందుకుంటుంది? తెగిన తీగ తెగిన తీగే. అది వాడి వీపుకు తగులుతూ ఊగుతుంటే ఆమెకు ఒళ్లు జలదరించేది. దాన్నీ మెల్లగా మడిచి లోపల పెట్టి, మూతికి కుట్లు వేసి, గిటారుకు పోయే వేలెడు వైరు మాత్రం బయటికి వదిలింది. వాడు ఫోనులో మాట్లాడుకుంటూనే తీసుకుని పట్టీకి తగిలించుకున్నాడు. స్టేజీ మీద ఒకసారి మీటి చూసుకుంటే బాగానే మోగింది. ఆమె కడుపు చల్లబడింది, ఈ రోజుకు కట్టవలసిన గట్లన్నీ కట్టింది.

పాట మొదలైంది. వినాయకుడి పాట ముందు, అది ఆనవాయితీ, ఆ తర్వాత పిల్లలు ఎగిరే పాటలు. మహానంది నడుము వంచి తీగల మీద వేళ్లు పరిగెత్తిస్తున్నాడు. వాడు వాయించేటప్పుడు గిడ్డయ్య లాగే కింది పెదవి కొరుక్కుంటాడు, ఎవరు నేర్పారు వీడికి, వీడు పుట్టేసరికి గిడ్డయ్య లేనే లేడు. విశ్వాసమ్మ శెనగపొట్టు ఒళ్లోనుంచి దులుపుకుని తాళం వేస్తోంది. వాసుదేవ్ కాలు మీద కాలు వేసుకుని, వేలితో మోకాలు మీద మెల్లగా కొడుతున్నాడు, అది నచ్చినట్టా, వక్కపొడి నములుతున్నట్టా? వెనక ఎక్కడో ఉరిమింది. ఇంకొక పాట, ఇంకొకటి. అప్పుడు కిరణ్‌కుమార్ మైకులో అన్నాడు, "ఇప్పుడు మన మహానంది మీ దగ్గరికే వస్తాండాడు!" వాడు స్టేజీ అంచున ఒక్క క్షణం నిలబడి, ఎగిరి కిందికి దూకాడు. కాలు మడతపడుతుందని ఆమె కళ్లు మూసుకుంది. మడతపడలేదు. ఈలలు. వాడు కుర్చీల నడుమ దారిలో వాయించుకుంటూ నడిచాడు, వాసుదేవ్ పక్కగా, ఆమె పక్కగా, చెమట వాసన, కొత్త చొక్కా వాసన, వీపు మీద ఎర్రసంచి. అయిదారు వరుసలు దాటాడో లేదో, బాక్సుల్లో గరగర, నూనెలో నీళ్లు పడినట్టు చిటపట, ఆ తర్వాత ఏమీ లేదు. డ్రమ్ముంది, కీబోర్డుంది, గిటారు లేదు. వాడి వేళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

రెండడుగులు ముందుకు వస్తే ఒక ముక్క వినపడింది, మళ్లీ పోయింది. కుర్రాళ్లకు అంతకంటే ఏం కావాలి. "బ్యాటరీ అయిపాయరోయ్!" "అన్నా, చార్జింగు పెట్టుకో!" "ఉత్త కట్టె మీటుతాండాడురా!" స్టేజీ మీద కిరణ్‌కుమార్ కొమ్ముల పెట్టె మీట అటూ ఇటూ తిప్పుతున్నాడు. పక్కవీధి మండపంలోని కార్డ్‌లెస్ మైకు అడ్డం వస్తోందని వాడి అనుమానం, మొన్న నంద్యాలలో అట్లాగే వీళ్ల బాక్సులో ఎవరిదో లడ్డు వేలంపాట వినపడింది. మీట తిప్పినా మార్పు లేదు. మహానంది నలుగురి నడుమ నిలబడిపోయాడు, వెనక్కి స్టేజీ మీదికి పోతే ఓడినట్టు, ముందుకు పోతే మూగ. వాడి మొహం చూసింది ఆమె. సరే నాయనా అన్నప్పటి మొహం. వాసుదేవ్ మోకాలు మీద వేలు ఆగిపోయింది, జేబులోంచి ఫోను తీసి చూసుకుంటున్నాడు. అయిందా, ఏదో ఒకటి అవుతుందని చెప్పానా, అంది ఆమె లోపల ఎప్పుడూ మెలకువగా ఉండే భయం, దానికి ఎప్పుడూ తన మాటే నిజం కావాలి. కానీ ఎందుకు? సోడా అంగడిదాకా పోయిన సద్దు అయిదు వరుసలు పోలేదేమి? ఆ రోజుకూ ఈ రోజుకూ ఏం తేడా? గిటారు అదే, డబ్బా అదే, పొద్దున మార్చిన బ్యాటరీ. ఊపిరాడనట్టు తెగింది, పీక నొక్కినట్టు. ఊపిరాడక. ఆ మాట ఎక్కడిది?

గిడ్డయ్యది. చేనికాడ కావలి, మంచు పడుతోంది, ట్రాన్సిస్టరు తడుస్తుందని వాడు ఇత్తడి బిందె బోర్లించి దాని కింద పెట్టాడు. పెట్టగానే పాట గుటుక్కున ఆగింది. ఎత్తితే పాడింది. దించితే ఆగింది. వాడు ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం, పళ్లన్నీ కనపడేటట్టు నవ్వడం, "సూడక్కా, బిందె కింద పాట ఊపిరాడక సచ్చిపాయ, ఇదో మళ్లా బతికె!" ఆమె కూడా నవ్వింది, నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. ఇన్నేళ్లుగా గిడ్డయ్య అంటే ఆ మోటరు గది ముందరి పొద్దునే, ఆ ఒక్క పొద్దు వాడి బతుకంతా మింగేసి కూర్చుంది, వాడు ఇట్లా నవ్వేవాడని ఆమె తలుచుకుని ఎంతకాలమైంది. గాలిలో పోయే పాటకు చుట్టూ బిందె బోర్లిస్తే ఆగుతుంది. రాగి అయితేనేమి, ఇత్తడి అయితేనేమి. చుట్టూ తిరిగి వచ్చేటట్టు వంచింది కదా, ఒక్క పక్క కూడా వదలకుండా. తోక కూడా మడిచింది. అదే పాట పోయే దారేమో, అట్లే ఉంటాదిలే అన్నది అందుకేనేమో. ఓరి దేవుడా, అడ్డం పడింది పక్కవీధి మైకు కాదు, తనే.

లేవబోయింది. లేవలేదు. ఒక్క క్షణం, ఆ క్షణం ఎంతసేపో ఆమెకు తెలియదు, కుర్చీ అంచు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఊరికే కూర్చుంటే? ఎవరికీ తెలియదు. ఇంకొంచెంసేపు ఇట్లాగే ఉంటే వాసుదేవ్ లేచి కారెక్కుతాడు, గువ్వలచెరువు ఘాటు లేదు, వ్యాన్ లేదు, ఊరు కాని ఊళ్లు లేవు. సోమవారం వీడు మంగంపేటకు పోతాడు, మేనత్త ఇంట్లో అన్నం, సాయంత్రం ఫోను, గదిలో కూర్చుని లారీల బరువు రాసుకునే పని. మందుగుండు గని లోపల కదా, తూకం బయట. దుమ్ముకు గుడ్డ కట్టుకోవచ్చు. ఆమె వద్దనకుండానే, ఎవరి నోటా చెడ్డమాట రాకుండానే, వాడు ఒకచోట ఉంటాడు. తీగ ఉన్నప్పుడు వాడు స్టేజీ దాటిపోయేవాడు కాదు, ఆ తీగ కరెంటు తీగే కాదు, గొడ్డుకు కట్టిన పలుపు కూడా, దాన్ని తెంపమని ఏడ్చింది తనే, తెగాక సంచి కుట్టి మళ్లీ కట్టిందీ తనే. కుర్రాళ్లు ఇంకా ఏదో అరుస్తున్నారు. మహానంది వేళ్లు ఆగలేదు. సద్దు లేదు, అయినా ఆగలేదు. వినపడని పాటను చివరిదాకా వాయించి తీరుతానన్నట్టు కింది పెదవి కొరుక్కుని వాయిస్తూనే ఉన్నాడు, ఆ వేళ్లను చూస్తే మోటరు గది ముందర మూత తీసిన సద్దిగిన్నె గుర్తొచ్చింది. అక్కడ పాట ఉంది, మనిషి లేడు. ఇక్కడ మనిషి నిండుగా ఉన్నాడు, పాట లేదు. బతికున్నవాడి మీద బిందె బోర్లించి, భద్రంగా ఉన్నాడనుకుని కూర్చోమంటావా?

విశ్వాసమ్మ, "యాడికి వదినా?" అంటూనే ఉంది, ఆమె లేచి, తననే చూస్తున్న జనంలోంచి, కాళ్లు తొక్కుకుంటూ, పోయి కొడుకు వెనక నిలబడింది. "తిరుగు." "ఏంది మా ఇప్పుడు! అందరూ సూస్తాండారు." "సూడనీ. తిరుగు అంటాండా గదా." పట్టీ పట్టుకుని తనే తిప్పింది. కుట్టు గట్టిగా వేసింది, చేత్తో రాలేదు, వంగి పళ్లతో పట్టి తెంపింది, నోట్లో దారం ఉప్పగా ఉంది. ఎవరో ఈల వేశారు. మూతి విడగానే నల్లటి తోక చటుక్కున బయటికి వచ్చి వేలాడింది. రెండు వేళ్లు లోపల పెట్టి రాగిరేకును లాగింది, అంచు కోసుకుని వేలు మండింది, లాగుతూనే ఉంది, పూర్తిగా వచ్చేదాకా. "రాగిరేకా? ఎప్పుడు పెట్టినావు మా?" "తోక కూడా మడిస్తి నాయనా." "అది మడవగూడదు మా!" "నాకు చెప్పినావా ఎప్పుడన్నా?" వాడి చేయి తీగల మీద పడింది. బాక్సులు రెండూ ఒక్కసారిగా మోగాయి. ముందు వరుసలో పిల్ల ఒకతి ఉలిక్కిపడి ఏడ్చింది. కుర్రాళ్లు అరిచిన అరుపు ఇప్పుడు వేరే అరుపు. వాడు తల్లి మొహంలోకి చూసి నవ్వాడు, పళ్లన్నీ కనపడేటట్టు. "పోయి కూచోమ్మా." "నువ్వు పో ముందర," అంది ఆమె, ఎక్కడికని అనకుండా.

వాడు పోయాడు. ఆమె తన కుర్చీ దగ్గరికి వచ్చేసరికి వాడు ఆఖరి వరుస దాటాడు, జనం వాడి వెంట చీలుతున్నారు, మూసుకుంటున్నారు. అందరి తలలూ వెనక్కే తిరిగాయి, కుర్చీలు కిర్రుమంటూ తిరిగాయి, వాసుదేవ్ లేచి నిలబడ్డాడు, ఫోను జేబులో వేసుకుని చూడటానికి కుర్చీల నడుమనుంచి వెనక్కి నడిచాడు. వెంకటలక్ష్మమ్మ మాత్రం స్టేజీ వైపే మొహం పెట్టి కూర్చుంది. ఎదురుగా వినాయకుడు, పక్కన రెండు బాక్సులు, వాటిలో వాడు. మనిషి ఎక్కడో తన వీపు వెనక, చీకటి పడబోతున్న వీధిలో, సద్దు ఎదురుగా, పోపు డబ్బా పక్కన వినపడినంత దగ్గరగా. ట్రాన్సిస్టరు పాట ఎవరిదో, ఎక్కడినుంచో వచ్చేది, ఎవరు ఉన్నా పోయినా పాడుకునేది. ఇది అట్లా కాదు. ఇది వాడి వేళ్లది, వేలు ఆగితే ఆగుతుంది, ఆగలేదంటే ఉన్నాడు. మొదటి చినుకు వచ్చి గుప్పెట్లోని రాగిరేకు మీద పడింది, తర్వాత ఇంకొకటి చెంప మీద. ఆమె చూపు అలవాటుగా బోర్డు వైపు పోయి, అక్కడ లైట్లవాడు పట్టా కప్పుతుండటం చూసి, వెనక్కి వచ్చింది. విశ్వాసమ్మ కుర్చీ ఎక్కి నిలబడి ఉంది.

"వదినా, లేయ్, సూడు! అడితి కూడా దాటినాడు నీ కొడుకు! కనపడల్యా ఇంగ!"

వెంకటలక్ష్మమ్మ తిరగలేదు. కుర్చీలో వెనక్కి జరిగి, వీపు ఆనించి, మొత్తం కూర్చుంది.

"వినపడతాండాడులే," అంది.